లుక్లా: 527 మీటర్లలోనే టేకాఫ్

ఎవరెస్టు యాత్రికులు దిగే నేపాల్ విమానాశ్రయం లుక్లా. ఎడ్మండ్ హిల్లరీ చొరవతో 1964లో నిర్మించారు. 2008లో టెన్జింగ్-హిల్లరీ పేరు పెట్టారు. ఎత్తు సుమారు 2,845 మీటర్లు, రన్‌వే 527 మీటర్లే.

ఈ అంకెల కన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది రన్‌వే వాలు: దాదాపు 12 శాతం. ఒక చివర కొండ, మరో చివర లోయ. అందుకే ల్యాండింగ్ ఎగువకు, టేకాఫ్ దిగువకు. అంత ఎత్తులో గాలి పలచన కాబట్టి రెక్కలకు లిఫ్ట్, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతాయి. పైలట్ ఫ్లాప్స్ కొంత దించి, బ్రేకులు నొక్కిపట్టి, ఇంజిన్లకు శక్తి పెంచాకే వదులుతాడు. వాలు వేగాన్ని త్వరగా అందిస్తుంది. ఎండ ముదిరితే గాలి మరింత పలచబడుతుంది, మధ్యాహ్నం గాలివాటమూ మారుతుంది. కనుక విమానాలు ఎక్కువగా ఉదయమే తిరుగుతాయి. ట్విన్ ఆటర్, డోర్నియర్ 228 ఇక్కడ నడిచే రకాలు.