ముఠాదారు కొడుకు ముఠాదారేనా?

మన్యంలో ముఠాదారు హోదా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేదా?

వచ్చేది, కానీ హక్కుగా కాదు. ముఠా అంటే కొన్ని ఊళ్ల గుంపు. శిస్తు వసూలు చేసి సర్కారుకి కట్టుబడి (నిర్ణయించిన మొత్తం) చెల్లించడం, అలజడి రేగితే సర్కారుకి కబురందించడం ముఠాదారు పని. తండ్రి పోతే సాధారణంగా కొడుక్కే దక్కేది. అయితే సర్కారు సనదు (నియామక పత్రం) ఇవ్వాల్సి ఉండేది, నచ్చకపోతే తీసేసేది కూడా. గాం గంటం దొరకు బట్టిపనుకుల ముఠా అలాగే చేజారింది. 1922లో ఆయన, తమ్ముడు మల్లు దొర అల్లూరి సీతారామరాజు వెంట నడవడంలో ఆ కడుపుమంటకూ చోటుంది. గంటం దొర 1924లో ప్రాణాలు కోల్పోయాడు. మల్లు దొర శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు.

జమీందార్లకూ ఇదే పద్ధతా?

కాదు. జయపురం లాంటి పెద్ద జమీలు పంపకానికి లొంగేవి కావు, పెద్దకొడుక్కే వెళ్లేవి, మిగిలినవాళ్లకి మనోవర్తి దక్కేది. మద్రాసులో 1904 చట్టం ఇలాంటి జమీల కోసమే వచ్చింది. 1931లో జయపురం రాజు సంతానం లేకుండా పోతే గద్దె దాయాది విక్రమదేవ వర్మకి దక్కింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన దాత ఆయనే.

ఈ బిరుదులకు ఇప్పుడు విలువుందా?

చట్టంలో లేదు. మద్రాసు వైపు జమీలు 1948 చట్టంతో, ముఠాలు 1969 రెగ్యులేషన్‌తో రద్దయ్యాయి. రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం ప్రభుత్వం బిరుదులివ్వకూడదు. పద్మ పురస్కారాన్ని కూడా పేరు ముందు తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఊళ్లో గౌరవంగా ‘దొరా’ అని పిలుచుకుంటే ఎవరూ కేసు పెట్టరు.



    

పేరు చివర దొర, పడాల్ ఉంటే ఎస్టీ సర్టిఫికెట్ ఇస్తారా?

పేరు చూసి ఇవ్వరు. తెల్లదొరల్నీ దొరలనే అన్నాం కదా! 1993 చట్టం ప్రకారం రెవెన్యూ అధికారులు విచారించి ఇస్తారు.

మరి భూమి? ఆడపిల్లకి వాటా ఉందా?

అసలు అడగాల్సింది ఇదే. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కాబట్టి తెగ ఆచారమే ఆధారం. ‘మా ఆచారంలో ఆడవాళ్లకి వాటా లేదు’ అని అన్నదమ్ములు అనడం మామూలే. కానీ ఒక గోండు కుటుంబం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: ఆడవాళ్లని మినహాయించే ఆచారం రుజువు కాకపోతే వాళ్లకీ సమాన వాటా దక్కాలి. అంటే వాటా లేదన్నవాళ్లే ఆచారాన్ని నిరూపించాలి. వాటా అందాక ఆ భూమిని గిరిజనేతరులకి అమ్మితే ఏజెన్సీ భూ బదలాయింపు రెగ్యులేషన్ 1/70 కింద చెల్లదు. తగువు ముదిరితే మైదానంలోలా మామూలు సివిల్ కోర్టుకి కాదు, 1924 నాటి ఏజెన్సీ నియమాల ప్రకారం ఏజెన్సీ అధికారుల ముందుకే వెళ్లాలి.