చదువులో విరామం: కళాశాలకు వివరణ

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మీ విరామ కాలాన్ని సరిగా లెక్కించగలుగుతారు;
• దానికి వివరణ లేఖ రాయగలుగుతారు.

పరిచయం

మీరు డిగ్రీ కళాశాలకు దరఖాస్తు చేస్తున్నారు. పదో తరగతికీ సీనియర్ సెకండరీకీ మధ్య కొన్నేళ్ల ఖాళీ కనిపిస్తుంది. 'ఆ కాలంలో ఏం చేశారు?' అని కళాశాలవారు అడగవచ్చు. మిమ్మల్ని తప్పుపట్టడానికే అడుగుతున్నారనుకోకండి. అప్పుడు మరో కోర్సులో చేరారా, మీ అసలు పత్రాలు వేరే చోట ఉన్నాయా అన్నది వారు తెలుసుకోవాలి.

1. విరామాన్ని లెక్కించడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అభ్యాసకురాలు 2018లో పదో తరగతి పాసైంది. తండ్రికి పక్షవాతం రావడంతో చదువు మాని మిరప కోతలకు, ఆ తరువాత కుట్టుపనికి వెళ్లింది. 2021లో ఎన్.ఐ.ఓ.ఎస్.లో చేరి 2023లో సీనియర్ సెకండరీ పూర్తి చేసింది. ఆమె విరామం ఎంత? ఐదేళ్లు అనుకుంటే పొరపాటు. 2021 నుండి ఆమె చదువుతూనే ఉంది. కాబట్టి విరామం మూడేళ్లే. ఒక విషయంలో తప్పి మళ్లీ పరీక్ష రాసినా, పేరు నమోదై ఉన్న ఆ కాలం చదువు కిందికే వస్తుంది.

2. లేఖలో ఉండవలసినవి

చదువు ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఆ కాలంలో ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు చేరారు అన్న నాలుగు విషయాలు చాలు. నమూనా చూడండి:

"అయ్యా, నేను 2018లో పదో తరగతి పాసయ్యాను. మా నాన్నగారి అనారోగ్యం వల్ల 2021 వరకు వ్యవసాయ కూలిగా, తరువాత కుట్టుపనిలో ఉన్నాను. ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చేరలేదు. 2021లో ఎన్.ఐ.ఓ.ఎస్.లో చేరి 2023లో ఉత్తీర్ణురాలినయ్యాను. మార్కుల జాబితా, మైగ్రేషన్ సర్టిఫికెట్ జతపరిచాను."

3. ఒక జాగ్రత్త

కూలిపని అని రాయడానికి ఆమె సిగ్గుపడింది. 'నాకే జబ్బు చేసిందని రాస్తే పోలా?' అనుకుంది. అలా రాస్తే వైద్యుని ధ్రువపత్రం అడుగుతారు. లేని పత్రం ఎక్కడి నుండి తేవాలి? పైగా కొన్ని కళాశాలలు ఈ వివరాలనే స్టాంపు కాగితంపై, నోటరీ సంతకంతో, ప్రమాణపత్రంగా కోరుతాయి. అందులో తెలిసి అబద్ధం రాయడం నేరం. వచ్చిన సీటు కూడా పోవచ్చు. ఇంటిని పోషించడానికి కూలి చేశానని చెప్పుకోవడంలో దాచవలసినదేమీ లేదు. ఉన్నది ఉన్నట్లు రాయండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. ఒకరు 2017లో పదో తరగతి పాసై, 2020లో సార్వత్రిక పాఠశాలలో చేరి, ఒక విషయంలో తప్పి, 2023లో ఉత్తీర్ణులయ్యారు. విరామం ఎన్నేళ్లు?
2. మీ విరామానికి వివరణను ఐదు వాక్యాల్లో రాయండి. మీ అధ్యయన కేంద్రంలోని అధ్యాపకునికి చూపండి.

జవాబు: 1. మూడేళ్లు.