పాఠం 7: పిండివంటల్లో గడ్డకట్టే కొవ్వులు

సంక్రాంతి వచ్చిందంటే ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోని తెలుగు ఇళ్లలో సున్నుండలు, గవ్వలు, కాజాలు తయారవుతాయి. సరుకుల కోసం గోల్ బజారుకు వెళ్లినప్పుడు మీకూ ఈ ప్రశ్న ఎదురై ఉంటుంది: నెయ్యి ఖరీదు ఎక్కువ, దానికి బదులు డాల్డా వేయవచ్చా? నూనె సరిపోతుందా? ఏ వంటలో ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

7.1 వనస్పతి అంటే ఏమిటి?

నూనెలోకి నికెల్ సమక్షంలో హైడ్రోజన్ వాయువును పంపితే అది గట్టిపడుతుంది. ఇలా తయారైనదే వనస్పతి. మన దేశంలో డాల్డా 1937లో అమ్మకానికి వచ్చింది. తాటిచెట్టు బొమ్మ ఉన్న ఆ పసుపు డబ్బా ఎంత పేరు పొందిందంటే, ఏ కంపెనీ వనస్పతినైనా జనం డాల్డా అనే పిలిచారు. ఖాళీ డబ్బాల్లో తులసి మొక్కలు పెంచినవారూ ఉన్నారు.

7.2 కొవ్వు చేసే పని

సున్నుండలో కొవ్వు పిండిని పట్టి ఉంచుతుంది. నెయ్యి నోటి వేడికి కరిగిపోతుంది. వనస్పతి కరగడానికి అంతకంటే ఎక్కువ వేడి కావలసి రావచ్చు. డాల్డా ఉండ తిన్నాక నాలుకపై మైనంలా పొర మిగలడానికి కారణం ఇదే. ఉండ నిలుస్తుంది కాని నేతి వాసన ఉండదు. నూనె వేస్తే ఉండ నిలవదు. కాబట్టి సున్నుండలకు నెయ్యే వాడండి. ఖర్చు ఎక్కువనిపిస్తే ఉండల సంఖ్య తగ్గించండి.

గవ్వల సంగతి వేరు. ఇక్కడ కొవ్వు పిండిరేణువుల చుట్టూ చేరి, పిండి సాగకుండా చేస్తుంది. అందువల్ల గవ్వలు గుల్లగా వస్తాయి. మీ పక్కింటి బెంగాలీవారు నిమ్కీ చేసేటప్పుడు పిండికి పట్టించే కొవ్వును 'మొయాన్' అంటారు. పని అదే. దీనికి వేడి నూనె చక్కగా సరిపోతుంది. అరకిలో మైదాకు 75 గ్రాముల డాల్డా వేసేవారు 60 గ్రాముల నూనెతో మొదలుపెట్టవచ్చు. పిండిని పిడికిట పట్టి చూడండి. ముద్ద నిలిస్తే చాలు. విడిపోతే మరో చెంచా వేయండి.

మడతల కాజాకు మాత్రం గట్టి కొవ్వు కావాలి. మడతల మధ్య రాసిన నూనె పిండిలోకి ఇంకిపోతుంది, పొరలు అతుక్కుంటాయి. పేరిన నెయ్యిలో కొంచెం వరిపిండి కలిపి రాయండి. జనవరి చలిలో నెయ్యి తానే పేరుకుంటుంది. ఎండాకాలమైతే గిన్నెను చల్లటి నీటిలో ఉంచాలి.

వెన్న వాడేటట్లయితే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ప్యాకెట్ వెన్నలో కొవ్వు సుమారు 80 శాతమే, మిగిలినదాంట్లో ఎక్కువ నీరు. 100 గ్రాముల నేతికి సుమారు 125 గ్రాముల వెన్న కావాలి. సున్నుండల్లో దాన్ని నేరుగా కలపకండి. ముందు కాచి, నీరు పోనివ్వండి. ఉప్పు లేని వెన్న కొనండి.

7.3 ఆరోగ్యం

నూనెను సగం గట్టిపరచినప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. ఇవి రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తాయి. గుండెకు ఇది రెండు వైపులా నష్టం. అందుకే మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో వీటిని 2022 జనవరి నుంచి 2 శాతానికి పరిమితం చేశారు. విడిగా తూచి ఇచ్చే వనస్పతికి చీటీ ఉండదు. కాబట్టి ప్యాకెట్ కొని, దానిపై ట్రాన్స్ కొవ్వు అంకె చదవండి. ఆ అంకె తక్కువున్నా సంతృప్త కొవ్వు ఉంటుంది. నేతిలోనూ అది ఎక్కువే. ఇంట్లో గుండెజబ్బు ఉన్నవారికి ఏదైనా కొద్దిగానే పెట్టాలి.

మీరు మిఠాయిలు చేసి అమ్ముతున్నారా? డాల్డాతో చేసినదాన్ని నేతి మిఠాయి అని అమ్మకూడదు. దేనితో చేశారో పెట్టెపై రాయండి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. గవ్వలకు పనికొచ్చే నూనె కాజా మడతలకు ఎందుకు పనికిరాదు?
2. 200 గ్రాముల నేతికి బదులు ఎంత వెన్న కావాలి?
3. మీ ఇంట్లోని వనస్పతి లేదా బిస్కెట్ల ప్యాకెట్ తీసుకోండి. దానిపై ఉన్న ట్రాన్స్ కొవ్వు, సంతృప్త కొవ్వు అంకెలను నోటుపుస్తకంలో రాయండి.