గేదె ఋణమునకు దరఖాస్తు: ఎవరి రాబడి వ్రాయవలెను?

ఋణ దరఖాస్తు నందు కుటుంబ ఆదాయమను గడి యొకటి కలదు. భర్త సంపాదనయు భార్య సంపాదనయు కలిపి అందు ఒకే మొత్తముగా వ్రాయుట వాడుక. ఇద్దఱి రాబడియు ఒకే పెట్టెలో పడు ఇండ్లలో దీనివలన చిక్కు లేదు. పంట సొమ్ము భర్త ఖాతాకును, పాల సొమ్ము భార్య ఖాతాకును చేరు చోటనే చిక్కు పుట్టుచున్నది.

ఉదాహరణకు ఒక లెక్క చూతము. రెండు గేదెలున్న ఇల్లాలు మూడవదానికి అప్పు కోరినదనుకొందము. దాణా, మేత పోగా ఆమెకు నెలకు 8,000 రూపాయలు వచ్చును. భర్త పంట రాబడి నెలకు సగటున 10,000. ఇంటి వ్యయము 12,000. మిగులు 6,000, క్రొత్త గేదెవలన 3,000 చేర్చిన 9,000. గుమాస్తా ఇట్లు లెక్కగట్టి, నెలకు 5,000 వాయిదా సులభమే యనును. కాగితముపై దోషమేమియు లేదు.

ఇంటిలో జరుగునది వేఱు. ఆ 12,000లో ఉప్పు పప్పులకు, బడి రుసుమునకు, మందులకు 7,000 ఆమె చేతినుండియే పోవుచున్నవి. ఆమెకు మిగులునది 1,000. భర్తకు మిగులు 5,000 కౌలునకును, పురుగుమందుల దుకాణపు బాకీకిని ముందే చెల్లు. క్రొత్త గేదె పాలు కలిపినను ఆమె కట్టగలది 4,000కు మించదు. గేదె వట్టిపోయిన నెలలలో అదియు నుండదు. మేత ఖర్చు మాత్రము తప్పదు. వాయిదా మీరగానే తప్పు ఆమె పేర నెక్కును. మొదటి తప్పు లెక్క వ్రాసిన మాది.

కావున తన చేతికి వచ్చునదెంత, తన చేతినుండి పోవునదెంత, పాలుండని నెలలేవి యను మూడు సంగతులు తెల్లకాగితముపై వ్రాసి దరఖాస్తునకు జతపఱుపవలెను. భర్త తోడ్పడునేని ఎంత, ఏ పంట అమ్మినపుడు అని అతనిచేతనే వ్రాయించి సంతకము చేయింపవలెను. “చూచుకొందములే” యను మాట లెక్కలోనికి రాదు. నలుగురి యెదుట ఇవి చెప్పుటకు స్త్రీలు మొగమాటపడుదురు; అందుచే ఇంటివద్దనే వ్రాసికొని తెచ్చుట మేలు.

సంతకము విషయమున మఱింత జాగ్రత్త వలయును. ఇద్దఱును ఋణగ్రహీతలుగా సంతకము చేసినచో, వేఱు నిబంధన లేనపుడు, 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము మొత్తము బాకీని ఎవరినుండియైనను రాబట్టవచ్చును. సగమునకే బాధ్యురాలననుట చెల్లదు. జామీనుదారు బాధ్యతయు సామాన్యముగా ఇట్టిదే. ఎక్కువ కట్టినవారు రెండవవారిని అడుగవచ్చును గాని, దానివలన అప్పిచ్చినవారి హక్కు ఆగదు.

పొలము భర్త పేరనున్నది గనుక తనకు వేఱుగా అప్పు పుట్టదనుకొనుట పొరపాటు. 2025 జనవరి 1 నుండి వ్యవసాయమునకును అనుబంధ వృత్తులకును 2 లక్షల రూపాయల వరకు బ్యాంకులు తాకట్టు కోరరాదని రిజర్వు బ్యాంకు ఉత్తరువు. కిసాన్ క్రెడిట్ కార్డును 2018–19 నుండి పాడికిని వర్తింపజేసిరి. అది దాణా, వైద్యము మొదలగు నడుపు ఖర్చులకే. గేదెను కొనుటకు వేఱు ఋణము కోరవలెను.

పాల కేంద్రపు చీట్లు ఒక సంవత్సరమువి చూపగలిగిన రాబడికి అవే సాక్ష్యము. గేదెలు సాకునది ఆమె, చీట్లపై పేరు అతనిది యైనచో, దరఖాస్తునకు చాల ముందుగనే కేంద్రమున పేరు మార్పించుకొనవలెను.