తేట నీళ్లు చూసి మురిసిపోకు

చి. చిన్నీకి,

నీ ఆలోచన ఇన్‌స్పైర్ మానక్ సైన్స్ అవార్డుకు ఎంపికైందని, నమూనా కోసం నీ ఖాతాలో 10,000 రూపాయలు పడ్డాయని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ముందు జిల్లా ప్రదర్శన, అది దాటితే రాష్ట్రం. వెళ్తావులే. అయితే నువ్వు పంపిన ఫొటో చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

గులకరాళ్లు, ఇసుక, బొగ్గు, దూది. పైన బురద నీళ్లు, కింద తేట నీళ్లు. బోర్డు మీద మాత్రం ‘ఫ్లోరైడ్ నివారణ’ అని రాశావు. అమ్మాయ్, ఫ్లోరైడ్ బురద కాదు, నీటిలో కరిగి ఉంటుంది. ఇసుకకు చిక్కదు, మామూలు కట్టెబొగ్గుకూ పెద్దగా లొంగదు. కాచితే నీరు ఆవిరై పోతుంది గాని అది గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. మన పడమటి మండలాల్లో గార పళ్లతో తిరిగే పెద్దవాళ్లలో చాలామంది తాగింది అద్దంలాంటి బోరు నీళ్లే.

పాతికేళ్ల కిందట నేనూ ఇలాంటి ఫిల్టరుతోనే ఒక పిల్లవాణ్ని రాష్ట్రస్థాయి సైన్స్ ఫెయిర్‌కు తీసుకెళ్లాను. జవాబులన్నీ నేనే రాసిచ్చి బట్టీ పట్టించాను. జడ్జి గ్లాసు పైకెత్తి, ‘ఇందులో ముందు ఫ్లోరైడ్ ఎంత ఉంది, ఇప్పుడెంత ఉంది?’ అని అడిగాడు. వాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ తప్పు వాడిది కాదు.

అందుకని ముందు కొలువు. గ్రామీణ నీటి సరఫరా వాళ్ల దగ్గర పరీక్ష కిట్లుంటాయి, మీ సైన్స్ సార్‌ను వెంటబెట్టుకొని వెళ్లి అడుగు. కొన్ని కిట్లలో చుక్క మందు వేస్తే ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు రంగు పసుపుకు తిరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా పరవాలేదంటారు. మన వీధి బోరు, బడి బోరు, పొలం బోరు మూడూ చూడు.

తర్వాత నల్గొండ పద్ధతి చదువు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. నీళ్లలో సున్నం, పటిక వేసి కలిపి తేరనిస్తారు, ఫ్లోరైడ్‌లో చాలా భాగం మడ్డితోపాటు అడుగుకు దిగుతుంది. పటిక ఎంత వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది, కాబట్టి ఊరూరికీ ఒకే లెక్క కుదరదు. మీ నాయనమ్మ కుండలో, ఆమె చేత్తో తేలిగ్గా చేసుకొనేలా దాన్ని మార్చగలిగితే అదీ నీ నమూనా! జడ్జీలు కొత్తదనంతోపాటు వాడుకలో తేలికా, పర్యావరణానికి హాని ఉందా అన్నదీ చూస్తారు. అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పారబోస్తావని తప్పకుండా అడుగుతారు. బోరు పక్కన అనకు.

కొలతలన్నీ తేదీలు వేసి నోటుపుస్తకంలో నీ చేత్తోనే రాయి. తప్పు వచ్చిన రోజు లెక్క కొట్టెయ్యకు, అదీ చూపించు. రంగుల బోర్డుకు ఇంక పైసా ఖర్చు పెట్టొద్దు. తెలియని ప్రశ్న వస్తే ‘ఇంకా చూడలేదండీ’ అని చెప్పు.

మన వీధి బోరు లెక్క తేలగానే ఫోన్ చెయ్యి. నలభై ఏళ్లు ఆ నీళ్లే తాగాను, ఒక్కసారీ కొలవలేదు.

మీ తాతయ్య