యుద్ధచ్ఛాయలో విద్య

స్వదేశంలో వైద్యవిద్యకు సీట్లు పరిమితం. ప్రైవేటు కళాశాలల్లో రుసుము అధికం. అందువల్ల తెలుగు విద్యార్థులు పలువురు ఉక్రెయిన్ వెళ్ళి వైద్యవిద్య నభ్యసించేవారు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఆ దేశంపై దండెత్తింది. ఖార్కివ్ నగరంలో తరగతులు నిలిచిపోయాయి. భూగర్భంలోని మెట్రో స్టేషన్లే నివాసాలయ్యాయి. మార్చి 1న ఆహారం కోసం బయటకు వచ్చిన కర్ణాటక విద్యార్థి ఒకడు దాడిలో అసువులు బాశాడు. మరునాడే, కాలినడకనైనా నగరాన్ని వీడవలసిందిగా భారత రాయబార కార్యాలయం హెచ్చరించింది. 'ఆపరేషన్ గంగ' ద్వారా భారత ప్రభుత్వం పొరుగు దేశాల మీదుగా వేలాది మందిని స్వదేశానికి చేర్చింది.

ప్రాణాలు దక్కాయి, చదువు మాత్రం సగంలో ఆగింది. పాఠం ఆన్‌లైన్‌లో వినవచ్చు. రోగి నాడిని తెరపై పట్టి చూడగలమా? ఆ సెప్టెంబరులో, ఇతర దేశాల విశ్వవిద్యాలయాల్లో చదువు కొనసాగించేందుకు జాతీయ వైద్య కమిషన్ అనుమతించింది. కొందరు పుస్తకాలు సర్దుకొని మరో దేశానికి పయనమయ్యారు. విద్యకు తొలి పునాది శాంతియే.