భూభ్రమణం – మన ద్వీపపు తుఫానులు

నవంబరు వస్తే మారిషస్‌లో తుఫానుల కాలం మొదలవుతుంది. ఈ గాలులకూ భూమి తన చుట్టూ తాను తిరగడానికీ ఉన్న సంబంధాన్ని ఈ సంచికలో తెలుసుకుందాం. పిల్లలకు చదివి వినిపించండి.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. పడవలో వెళ్లేవాడికి ఒడ్డున ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనబడినట్లే, భూమి తిరగడం వల్ల నక్షత్రాలు పడమరకు కదులుతున్నట్టు కనిపిస్తాయని ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో వివరించాడు.

భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు సాగుతుంది. 20 డిగ్రీల దక్షిణాన ఉన్న మన ద్వీపం వేగం సుమారు 1,570. దక్షిణం నుంచి భూమధ్యరేఖ వైపు వెళ్లే గాలి, ముందున్న నేల వేగాన్ని అందుకోలేక పడమరకు, అంటే తన ఎడమకు, ఒరుగుతుంది. అందుకే మనకు ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయపు గాలి వీస్తుంది. అది మధ్య పీఠభూమిని ఎక్కుతూ చల్లబడి వాన కురిపిస్తుంది. క్యూర్‌పైప్ తడిగా, పోర్ట్ లూయీ పొడిగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

దక్షిణార్ధగోళంలో గాలి ఎటు వెళ్లినా ఎడమకే ఒరుగుతుంది. ఉత్తరాన కుడికి ఒరుగుతుంది. తుఫాను కేంద్రంలో వాయుపీడనం తక్కువ కాబట్టి నలువైపుల నుంచీ గాలి అటు పరుగెడుతుంది. కానీ పక్కకు ఒరగడం వల్ల నేరుగా చేరలేక, చుట్టూ తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ మలుపు దాదాపు ఉండదు, అక్కడ తుఫానులు పుట్టడం చాలా అరుదు.

మన పూర్వీకులలో చాలామంది ఓడ ఎక్కిన కోరంగి రేవును 1839 నవంబరులో పెనుతుఫాను ముంచెత్తింది. బంగాళాఖాతపు ఆ సుడి అపసవ్యంగా తిరిగేది. ఇక్కడి సుడి సవ్యంగా, గుడిలో మనం చేసే ప్రదక్షిణంలా తిరుగుతుంది. ప్రదక్షిణంలో స్వామి మన కుడివైపు ఉంటాడు కదా! అలాగే మారిషస్‌లో గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం సుమారుగా కుడివైపు ఉంటుంది. కోరంగిలో అయితే ఎడమవైపు. కొండలు, భవనాలు గాలి దిశను మారుస్తాయి కనుక ఇది స్థూలమైన గుర్తు మాత్రమే. గాలి ముదిరాక పరీక్షించడానికి బయటికి వెళ్లకూడదు.

ప్రాణాలు కాపాడే సంగతి మరొకటి ఉంది. 1960లో కేరల్, 1975లో జెర్వేజ్ తుఫానుల కేంద్రాలు ద్వీపం మీదుగానే సాగాయి. జెర్వేజ్‌లో గాలి విసురు గంటకు 280 కిలోమీటర్లకు చేరింది. తుఫాను కన్ను మన మీదికి వస్తే గాలి ఆగిపోతుంది, ఒక్కోసారి ఆకాశం కూడా తేటపడుతుంది. తుఫాను వెళ్లిపోయిందని కప్పు చూసుకోవడానికి బయటికి వెళితే ప్రమాదం. సుడికి రెండో వైపు ఇంకా మిగిలే ఉంది. తుఫాను ఈశాన్యం నుంచి వచ్చి నైరుతికి సాగితే, మొదట ఆగ్నేయం నుంచి కొట్టిన గాలి కన్ను దాటాక వాయవ్యం నుంచి కొడుతుంది. అంతవరకు చాటున ఉన్న కిటికీలకు అప్పుడు దెబ్బ తగులుతుంది. అందుకే తలుపులు, కిటికీలు అన్ని వైపులా బిగించుకోవాలి. హెచ్చరిక ఎత్తివేసినట్టు రేడియోలో చెప్పేవరకు లోపలే ఉండాలి.

పిల్లలకు ఒక ప్రయోగం: గుండ్రని అట్టముక్క మధ్యలో గుండుసూది గుచ్చి, గడియారం ముల్లు తిరిగే దిశలో ఒకరు తిప్పండి. ఇంకొకరు మధ్య నుంచి అంచుకు పెన్సిల్‌తో తిన్నగా గీయండి. గీత ఎడమకు వంగుతుంది. అట్టను ఎదురు దిశలో తిప్పితే కుడికి వంగుతుంది. మొదటిది మన ద్వీపం, రెండోది మన తాతల తీరం.